పుట్టీ కింద దాగిన నాలుగు లక్షలు

ప్రశ్న: మాది కాకినాడ. వయసు 47. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 72,000. ఇంటి లోను ఈఎంఐ 21,000. అమ్మాయి వచ్చే జూన్‌లో ఇంటర్‌లో చేరుతుంది. మా నాన్నగారికి ఒకప్పుడు ఫియట్ కారు ఉండేది. ఆ మోజుతో మూడు నెలల కిందట, 1973లో రిజిస్టరైన ఫియట్‌ను పాత కార్ల డీలర్ దగ్గర 4 లక్షలకు కొన్నాను. ఎఫ్‌డీ నుంచి 1.6 లక్షలు తీశాను. మిగతా 2.4 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోను తీసుకున్నాను, ఈఎంఐ 8,200. వెనక నుంచి చప్పుడొస్తోందని ర్యాంపు ఎక్కిస్తే అసలు సంగతి బయటపడింది. మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఫ్లోరులోకి దిగిపోయింది. తలుపుల కిందుండే రన్నింగ్ బోర్డులు, వెనక కమాన్ కట్టలు (చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బిగించే చోటు కూడా తుప్పే. వాటి మీద ఫైబర్ షీటు, పుట్టీ, ఆపైన నల్లరంగు. బాగుచేయడానికి 2.75 లక్షలవుతుందట. ఉన్నదున్నట్టు అమ్మితే 1.5 లక్షలు, మంచి కండిషన్లో ఉంటే 4 లక్షలు పలుకుతుందంటున్నారు. ఎఫ్‌డీలో ఇక 40,000 మిగిలాయి. మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టి బాగుచేయించమంటారా? రిపేరు సంగతి ఆవిడకు ఇంకా చెప్పలేదు.

జవాబు: బంగారం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ వర్క్‌షాపుకి ఫోన్ చేసి, బండి మీద ఒక్క రేకు కూడా కోయవద్దని చెప్పండి. మీకు డబ్బు తిరిగొచ్చే దారి ఏదైనా ఉందంటే అది ఆ పుట్టీ వల్లే ఉంది. దాన్ని గీకేసి కొత్త రేకు వెల్డింగ్ చేశాక డీలర్ మోసం చేశాడని ఎంత అరిచినా చూపించడానికేమీ మిగలదు. పైగా లోపం తెలిశాక కూడా బండి వాడుకుంటూ, బాగుచేయించుకుంటూ ఉంటే మీరు దానికి ఒప్పుకున్నట్టేనని అవతలి లాయర్ అంటాడు. అందుకని నడపడమూ ఆపండి. కమాన్ కట్ట ఊడితే పోయేది డబ్బొక్కటే కాదు.

తుప్పు పట్టిన తలుపుకీ మీ బండికొచ్చిన జబ్బుకీ తేడా ఉంది. పాత జీపులో చాసిస్ (కింద బరువు మోసే ఇనుప చట్రం) వేరు, బాడీ వేరు. ఫియట్‌కి, ఆ మాటకొస్తే అంబాసిడర్‌కి కూడా, విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు, రన్నింగ్ బోర్డులు, స్తంభాలు కలిసే బరువు మోస్తాయి. తలుపు పాడైతే తలుపు మార్చుకోవచ్చు. ఇవి పాడైతే ఇంటికి దూలం పుచ్చినట్టు. పుట్టీ తేమ పీల్చుకుంటుంది, దానిమీది నల్లరంగు ఆ తేమను బయటికి పోనివ్వదు. మీ ఊళ్లో ఉప్పుగాలి ఉండనే ఉంది. కొనేముందు పది రూపాయల అయస్కాంతం అంచుల వెంట పెట్టి చూసుంటే పుట్టీ ఉన్నచోట పట్టేది కాదు. ఇప్పుడు దెప్పి లాభం లేదు గానీ, ఈ జవాబు చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

ఆ అయస్కాంతమే ఇప్పుడు మీకు సాక్ష్యం. అది పట్టని చోట్లన్నీ తేదీ కనబడేలా వీడియో తీయండి. ఆ వర్క్‌షాపుతో సంబంధం లేని లైసెన్సున్న మోటార్ సర్వేయర్ (బండ్ల నష్టాన్ని అంచనా వేసే నిపుణుడు) చేత రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. అందులో రెండు విషయాలు రాయించాలి: తుప్పు మూడు నెలల్లో వచ్చింది కాదని, దాన్ని కావాలని కప్పారని. డీలర్ ఇచ్చిన రసీదు, ప్రకటన ఫొటోలు, వాట్సాప్ మాటలు ఏవీ చెరపకండి. ‘బాడీ ఒరిజినల్, తుప్పు లేదు’ లాంటి మెసేజ్ ఒక్కటున్నా అది చాలా విలువైనది.

చట్టం ఎక్కడ మీ పక్షాన ఉందో చూద్దాం. పాత వస్తువు కొనేటప్పుడు చూసుకోవాల్సిన పూచీ కొన్నవాడిదే అన్న సూత్రం మనకీ ఉంది. డీలర్ మొదట అనే మాట కూడా అదే. కానీ తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని దాచిపెట్టడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం మోసంగానే చూస్తుంది, అలాంటి ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మోసపోయినవాడికి ఇస్తుంది. ఊరుకోవడం వేరు, పుట్టీ కొట్టడం వేరు. అయితే ఆ పుట్టీ డీలరే కొట్టించాడా, అంతకుముందు ఓనరా అన్న పేచీ తప్పకుండా వస్తుంది. మీరు కొన్నది వ్యాపారం చేసే డీలర్ దగ్గర కాబట్టి వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అదే పక్కవీధి ఆసామి సొంత కారు అమ్మి ఉంటే ఆ దారి ఉండేది కాదు, సివిల్ కోర్టే గతి. కమిషన్‌లో ఫిర్యాదుకి గడువు రెండేళ్లు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపే గనక ఫీజు లేదు. దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, లాయర్ నోటీసు పంపండి. చాలామంది డీలర్లు నోటీసు అందాకే మాటకు దిగుతారు.

అప్పుడు పట్టుదలకు పోకండి. కారు తీసుకుని 3.5 లక్షలు ఇస్తానంటే నేనైతే ఆ రోజే ఒప్పుకుంటాను. 3 లక్షలన్నా ఆలోచిస్తాను. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంటే ఇక్కడ మీ ఈఎంఐ ఆగదు.

డీలర్ ఏమీ ఇవ్వడనే అనుకుందాం. మీరు పెట్టిన 4 లక్షలను లెక్కలోంచి తీసేయండి. లోను మీద కట్టబోయే వడ్డీ దాదాపు 55,000 కూడా అలాగే తీసేయండి. రిపేరు చేయించినా, చేయించకపోయినా ఆ డబ్బు పోయిందే. ఇప్పుడున్న ప్రశ్న ఒక్కటే: ఈ రోజు 1.5 లక్షలు పలికే బండి మీద 2.75 లక్షలు పెడితే ఏమొస్తుంది? వచ్చేది 4 లక్షలు. అంటే 2.5 లక్షల విలువ పెంచడానికి 2.75 లక్షల ఖర్చు, అదీ అంచనా దాటకపోతే. తుప్పు పని అంచనా దాటకపోవడం నేను చూడలేదు. ఒక రేకు తీస్తే దాని వెనక ఇంకోటి రాలుతుంది. ఇంకో 30 శాతం కలిపి 3.6 లక్షలనుకోండి. కింద నుంచి పైదాకా వెల్డింగ్ చేసిన బండికి కొనేవాడు పూర్తి ధర ఇస్తాడా అన్నది మరో అనుమానం. దీనిమీద బంగారం పెట్టడం దింపుడు కళ్ళం ఆశ తప్ప ఇంకోటి కాదు.

‘యాభై ఏళ్లు దాటింది కదా, వింటేజ్ అవుతుంది, రేటు పెరుగుతుంది’ అన్న మాట కూడా మీకు ఎవరో చెప్పే ఉంటారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటినవి వింటేజ్ కిందికొస్తాయి, నిజమే. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ షెల్, ఇంజన్లలో పెద్ద మార్పు చేసుంటే కుదరదు. మీ బండికి చేయాల్సిన పని సరిగ్గా ఆ బాడీ షెల్‌లోనే. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 20,000 ఫీజు, ఆపైన రోజువారీగా తిరగడానికి వీల్లేదు. ర్యాలీలకీ ప్రదర్శనలకీ తిప్పుకోవాలి. నాన్నగారిలా ఆదివారం కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్లాలన్నదే మీ కోరికైతే వింటేజ్ నంబరు దానికి అడ్డం. మామూలు రిజిస్ట్రేషన్ కొనసాగించాలంటే ఐదేళ్లకోసారి తనిఖీకి వెళ్లి రెన్యువల్ చేయించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకి ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఈ ఫ్లోరుతో ఆ తనిఖీ దాటడం కష్టం.

ఇన్సూరెన్సు మీద ఆశ వద్దు, తుప్పుకీ అరుగుదలకీ ఏ పాలసీ ఇవ్వదు. సొంత వాడకానికి కొన్న కారు కాబట్టి అమ్మితే వచ్చే నష్టాన్ని ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోవడం కూడా కుదరదు.

కాబట్టి నా సలహా ఇది. డీలర్‌తో వ్యవహారం తేలేదాకా బండిని పొడి షెడ్డులో పెట్టండి. అది తేలక, కేసు నడిపే ఓపికా లేకపోతే, 1.5 లక్షలకు అమ్మేయండి. అమ్మేటప్పుడు సర్వేయర్ రిపోర్టు కాపీ కొనేవాళ్లకిచ్చి, ‘లోపాలు తెలిసే కొంటున్నాను’ అని సంతకం తీసుకోండి. ఓ పదివేలు తగ్గినా సరే, మీకు జరిగింది ఇంకొకరికి మీరు చేయకూడదు.

ఆ డబ్బుతో లోను తీర్చేయాలనిపిస్తుంది, 14 శాతం వడ్డీ కదా. అయినా నేను ముందు ఎఫ్‌డీలో వేయమంటాను. ఇప్పుడు మీ చేతిలో ఉన్న 40,000 ఒక్క నెల ఖర్చుకి కూడా బొటాబొటి. జూన్‌లో కాలేజీ ఫీజు కట్టేటప్పుడు చాలకపోతే క్రెడిట్ కార్డు గీకుతారు. దాని వడ్డీ ముందు 14 శాతం చాలా నయం. ఫీజు గడిచాక మిగిలినదాంతో లోను కొంత తగ్గించుకోండి. ముందుగా కడితే చార్జీ ఎంతో బ్యాంకులో అడిగాకే.

డబ్బు లెక్కకు లొంగకుండా ‘నాకు ఆ బండే కావాలి’ అంటే, అది ఖర్చు, పెట్టుబడి కాదు. దాన్ని జీతంలోంచే పెట్టాలి. పర్సనల్ లోను తీరాక ఆ 8,200ని నెలనెలా ఆర్‌డీలో వేస్తే మూడేళ్లకు రిపేరు డబ్బు పోగవుతుంది. మొత్తం ఆరేళ్ల ఎదురుచూపు. అప్పటికి ఆ ఫ్లోరులో ఏం మిగులుతుందో మీ మెకానిక్‌నే అడగండి.

చివరిగా బంగారం. అది మీ ఆవిడది. ఆవిడకు చెప్పకుండా దాని గురించి నన్ను అడగడం వరస కాదు. ర్యాంపు మీద తీసిన ఫొటోలు ఫోన్లో ఉంటాయిగా, ఈ రాత్రికే చూపించండి.