అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఈవీ కారు ఛార్జింగ్‌కి లైన్‌మన్ 8 వేలు అడుగుతున్నాడు, ఇవ్వాల్సిందేనా?

కావలి బ్రదర్, కొత్తగా ఈవీ కారు బుక్ చేశా, పార్కింగ్‌లో ప్లగ్ పెట్టుకోవాలంటే పర్మిషన్ కావాలి 8 వేలు అవుద్ది అని లైన్‌మన్ అంటన్నాడు, అసోసియేషన్ వాళ్ళేమో అసలు కుదరదంటన్నారు అని రాశారు గదా. నేను నెల్లూరులో అపార్ట్‌మెంట్‌లోనే ఉంటా, ఈ రెండూ నాకూ తగిలినయ్, అందుకే రాస్తున్నా.

ముందు ఆ పర్మిషన్ సంగతి. మన ఇంటి మీటర్ మీద మన బండి ఛార్జ్ చేసుకోడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లా. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లోనే ఉంది, ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే ఛార్జ్ చేసుకోవచ్చని. డొమెస్టిక్ మీటర్ మీద పక్కోళ్ళ బళ్ళకి డబ్బులు తీసుకుని ఛార్జింగ్ పెడితే మాత్రం అది వ్యాపారం కిందకొస్తది, అప్పుడు విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద కేసు రాయొచ్చు. ఆ సెక్షన్ పేరు చెప్పే సొంత బండి పెట్టుకున్నోళ్ళని కూడా భయపెడతా ఉంటారు.

కాకపోతే లోడు, అంటే మన మీటర్‌కి డిపార్ట్‌మెంట్ ఒప్పుకున్న వాడకం హద్దు, అనేది నిజమే. మా ఫ్లాట్‌కి బిల్డర్ 2 కిలోవాట్లే తీసుకున్నాడు, కారుతో ఇచ్చిన 15 ఆంప్ ఛార్జర్ ఒక్కటే 3.3 కిలోవాట్లు లాగుద్ది, దానికి ఏసీ కూడా కలిస్తే ఇంకేముంది. కాబట్టి అదనపు లోడు రాయించుకోవాలి, దానికి డెవలప్‌మెంట్ ఛార్జీ, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, అది న్యాయంగా డిపార్ట్‌మెంట్‌కి పోయే డబ్బే. కిటుకంతా ఇక్కడే ఉంది, మీకు చెప్పిన 8 వేలల్లో కొంత ఇట్టా నిజంగా కట్టాల్సింది ఉంటది, మిగతాది జేబులోకి, రెండూ కలిపి ఒకటే నంబర్ చెప్తారు, విడగొట్టి చెప్పమంటే మాత్రం నసుగుతారు. మా కాడికి వచ్చినాయన కూడా అంతే, సార్‌కి చెప్పి చేయిస్తా ఏదన్నా చూసుకోండి అన్నాడు, రసీదు వచ్చే డబ్బు ఎంతో చెప్పన్నా ఇప్పుడే కడతా అంటే మాట మార్చి ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్లయిపోయింది, మీది ఇప్పట్లో అవదు అన్నాడు. సరే ఆ ముక్క కాయితం మీద రాసివ్వమన్నా. రాయలా. మీసేవలో అప్లై చేసి, వాళ్ళు చూపించిన మొత్తం ఆన్‌లైన్లో కట్టి, కదలకపోతే 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకున్నా, అప్పుడు కదిలింది. ఆలస్యమైన మాట నిజం, ఇచ్చేసుంటే త్వరగా అయ్యేదేమో, కానీ అదే రేటు రేపు మా పైఫ్లోర్ వాళ్ళకి కూడా చెప్తారు గదా.

మీరు ఇంకో సంగతి కూడా తెలుసుకోండి, ఈవీకే వేరే మీటర్ కావాలంటే 2024 ఫిబ్రవరిలో మార్చిన వినియోగదారుల హక్కుల రూల్స్ ప్రకారం అడిగితే ఇచ్చి తీరాలి. కొత్త కనెక్షన్‌కి మున్సిపాలిటీల్లో 7 రోజులు, పల్లెల్లో 15 రోజులు గడువు, కొత్తగా స్తంభాలూ లైన్లూ వేయాల్సొస్తే ఆ లెక్క వేరే, గడువు పెరుగుద్ది. ట్రాన్స్‌ఫార్మర్ సాకు ఎందుకంత గట్టిగా చెప్తారో ఇప్పుడు అర్థమైందా?

వేరే మీటర్ లాభమా కాదా అనేది మీ వాడకాన్ని బట్టి. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే దగ్గర దగ్గర 150 యూనిట్లు అనుకోండి. ఇంట్లో ఇప్పటికే 200 యూనిట్లు కాలుతుంటే మొదటి 25 యూనిట్లు 6 రూపాయల స్లాబులో, మిగతా 125 యూనిట్లు 8.75 స్లాబులో పడతయ్, అంటే ఒక 1250 దాకా, ట్రూఅప్పులూ (పాత ఖర్చుల సర్దుబాటు) డ్యూటీలూ కాక. పెట్రోలుతో చూస్తే ఇది ఏమూలకీ రాదు. ఎండాకాలం ఏసీలతో 400 దాటే ఇల్లయితే 9.75 పడుద్ది, అప్పుడు స్లాబులు లేని ఈవీ కేటగిరీ మీటర్ నయం.

డబ్బు గట్టిగా పీడిస్తే ఏసీబీ నంబర్ 1064. ఇవ్వకముందే చేయండి, ఎందుకంటే 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక ఇచ్చినోడు కూడా ముద్దాయే, బలవంతం మీద ఇచ్చామంటే 7 రోజుల్లోపు చెప్పాలి.

నిజం చెప్పాలంటే నాకు లైన్‌మన్ కంటే అసోసియేషన్‌తోనే ఎక్కువ తలనొప్పి. ఒకాయన బ్యాటరీ పేలుద్ది అంటాడు, ఇంకొకాయన లిఫ్టు మోటార్ కరెంటు వాడేస్తాడు అంటాడు, ఆయన బండి మాత్రం వారం వారం కామన్ బోరు నీళ్ళతోనే కడుగుతారు, అది ఎవరూ అడగరు. నేను ఏం చేశానంటే వాళ్ళతో వాదించకుండా ఎలక్ట్రీషియన్‌నే మీటింగ్‌కి తీసుకెళ్ళా. మీటర్ బోర్డు కిందే స్టిల్ట్‌లో ఉంటది కాబట్టి నా మీటర్ నుంచే నా పార్కింగ్ దాకా పైపులో వైరు, కామన్ మీటర్‌కి సంబంధమే లేదు, విడిగా ఎంసీబీ (లోడెక్కువైతే కట్ చేసేది), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసేది), విడిగా ఎర్తింగ్ అని ఆయనే చూపించాడు. అప్పుడు సగం నోళ్ళు మూతబడినయ్, మిగతా సగం ఏదన్నా జరిగితే బాధ్యత నాదే అని లెటర్ రాయించుకుని ఊరుకున్నారు.

వైరు దగ్గర కక్కుర్తి పడబాకండి. గీజర్ పావుగంట వేసి తీసేస్తాం, ఇది రాత్రంతా ఆపకుండా 14, 15 ఆంపియర్లు లాగుద్ది, 4 ఎస్‌క్యూఎంఎం రాగి వైరుకి తగ్గొద్దు. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా ఛార్జర్లు ఎర్రలైటేసి అసలు స్టార్టే కావు, జనం ఛార్జర్ పాడయిందని షోరూముల చుట్టూ తిరుగుతా ఉంటారు. ఇంకోటి, సాకెట్ ఛాతీ ఎత్తులో పెట్టించండి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో ఏమయిందో చూశాం గదా, మీకూ తుఫాన్లు అక్టోబరు, నవంబర్లలోనే, కింద మోకాలెత్తు ప్లగ్గు పెట్టే ఎలక్ట్రీషియన్ని ఒప్పుకోబాకండి.