తిరుమల మెట్లదారిలో శేషాచలం కొండల గురించి ఏం గమనించవచ్చు?

తిరుమలకు నడిచి ఎక్కేటప్పుడు గుడి సంగతి అలా ఉంచి, ఆ కొండల గురించీ అడవి గురించీ ఏం గమనించవచ్చని మీరు అడిగారు. నేను చంద్రగిరి వైపు పెరిగినవాణ్ణి. శ్రీవారి మెట్టు దారి మా ఇళ్లలో అందరికీ చిన్నప్పటి నుంచీ అలవాటైనదే. నన్నడిగితే ముందు రాయిని చూడాలి, తరువాత చెట్టును చూడాలి.

కొండ అడుగున ఉన్నది 250 కోట్ల ఏళ్ల కిందటి గ్రానైటు. దాని మీద నిట్టనిలువుగా, పొరలు పొరలుగా ఎర్రగా కనిపించేది క్వార్ట్‌జైటు. అది సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడింది. ఈ రెండూ కలిసే గీత వద్ద 80 కోట్ల ఏళ్లకు పైబడిన చరిత్రకు ఆనవాలే లేదు. భూవిజ్ఞానులు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని పిలిచే ఈ గీత ఘాట్ రోడ్డు పక్కన స్పష్టంగా కనిపిస్తుంది, దానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కూడా గుర్తించారు. అయినా బస్సులో నిద్రపోతూ దాన్ని దాటిపోయేవారే ఎక్కువ. కొండపైన ఉన్న శిలాతోరణం కూడా ఈ క్వార్ట్‌జైటే కాలక్రమంలో కోతకు గురై మిగిలిన రూపం.

ఈ రాతి పగుళ్లలోకి దిగిన వాననీరు లోయల్లో ఊటలుగా బయటపడుతుంది, కొండల్లో ఇన్ని తీర్థాలు ఉండడానికి అదొక ముఖ్య కారణం. తేమగా, నీడగా ఉండే అలాంటి బండల సందుల్లోనే బంగారు బల్లి నివసిస్తుంది. పైనున్న పొడి వాలుల మీద మట్టి పలుచన. అక్కడ ఎర్రచందనం పెరుగుతుంది. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. నల్లటి బెరడు మొసలి వీపులా చదరాలుగా పగిలి ఉంటుంది, ఆకు సాధారణంగా మూడు గుండ్రటి రేకులుగా ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాదు. ఈత చెట్టును పోలిన సైకస్ బెడ్డోమి అనే మరో మొక్క కూడా ఈ ప్రాంతపు కొండలకే పరిమితం. ఈ అడవిలో కొంత భాగాన్ని 1989లో జాతీయ ఉద్యానవనంగా, 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు.

చరిత్ర విషయానికొస్తే, 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేవరకు యాత్రికులు కాలినడకనో డోలీలోనో ఎక్కవలసిందే. రెండో రోడ్డు 1974లో వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు చంద్రగిరి నుంచి శ్రీవారి మెట్టు దారినే ఎక్కేవారని మా వైపు చెప్పుకుంటారు. దారి ఏదైనా, ఆయన 1513 నుంచి పలుమార్లు స్వామి దర్శనానికి వచ్చినట్టు తిరుమల శాసనాలే చెబుతున్నాయి.

వానలు వెలిశాక, కార్తీకంలో వస్తే ఊటలూ పచ్చదనమూ రెండూ కనిపిస్తాయి. ఎండాకాలంలో ఎర్రచందనం ఆకు రాల్చి ఉంటుంది కనుక అప్పుడు బెరడును చూసే పోల్చుకోవాలి. మెట్లు దిగి అడవిలోకి మాత్రం వెళ్లకండి: చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే చోటది, పైగా దుంగల దొంగల కోసం నిఘా కూడా ఉంటుంది.