చెన్నైలో పాత ఇంటికి కొత్త టైల్స్: ముందు కింది నేలను చూడండి

నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. ఇక్కడ పాత ఫ్లాటు కొనుక్కుని నేల మార్పించుకోవాలనుకునే మన తెలుగు కుటుంబాలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న, ఏ కంపెనీ టైల్ మంచిదని. దానికన్నా ముందు అడగవలసినది ఒకటి ఉంది: ఆ టైల్ కింద ఉండబోయే కాంక్రీటు దాన్ని గట్టిగా పట్టుకునే స్థితిలో ఉన్నదా? టైల్ లేచినా, పగిలినా, అడుగు వేస్తే డొల్లగా మోగినా, కారణం చాలావరకు కింది నేలలోనే దొరుకుతుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసిన విషయం. మడిపాక్కంలో మేము మొదట కొన్న కింది అంతస్తు ఇంట్లో, పాత గచ్చు మీద దుమ్మయినా సరిగా ఊడ్చకుండా, సిమెంటు పాలు పోసి రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ పరిచి వెళ్లారు. మరుసటి ఏడాది వానలు వెళ్లిన తరువాత ఒక రాత్రి హాల్లో టపటపమని చప్పుడయింది. లైటు వేసి చూస్తే నాలుగు టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని గుడారంలాగా పైకి లేచి ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తి తిరగవేస్తే దాని అడుగు భాగం పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు శుభ్రంగా ఉంది. గచ్చు మీద మిగిలిన సిమెంటు వేలితో గీకితే పొడిపొడిగా రాలింది. విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతమైనా నీరు పీల్చదు కనుక, ఉత్త సిమెంటు పాలకు దానిలోకి చొరబడి పట్టు దొరకదు. ఆపైన గోడల వెంట సందు విడవకపోవడం వల్ల, వేడికి, తేమకు వ్యాకోచించిన నేలకు పైకి లేవడం తప్ప దారి లేకపోయింది.

చెన్నైలో అన్నిటికన్నా ముందు చూడవలసినది చెమ్మ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. పళ్లికరణై చిత్తడి నేలకు దగ్గరగా ఉన్న వేళచ్చేరి, మడిపాక్కం వంటి పల్లపు ప్రాంతాలలో కింది అంతస్తు నేలకు భూమిలోని తడి చాలాకాలం ఎక్కుతూనే ఉంటుంది. పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు. అడుగున్నర చదరం మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని గచ్చు మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదిలివేయండి. తీసినప్పుడు కాగితం లోపలివైపు నీటి చుక్కలు కనిపించినా, గచ్చు రంగు ముదిరినా, పని మొదలుపెట్టవద్దు. ఒక గదిలో రెండు మూడు చోట్ల, ముఖ్యంగా స్నానాలగది గోడ పక్కన, ఈ పరీక్ష చేయించండి. గచ్చు మీద తెల్లటి ఉప్పు పొడి పేరుకొని ఉంటే అది కూడా కింది నుంచి నీరు వస్తోందనడానికి గుర్తే. అటువంటి ఇంట్లో ఎండలు ముదిరేదాకా ఆగడమో, చెమ్మను ఆపే ఎపాక్సీ పూత వేయించడమో తప్పదు. పనివారితో మాట్లాడేటప్పుడు చెమ్మను తమిళంలో "ఈరం" అంటారని గుర్తుంచుకోండి. వాలుకు మాత్రం కొత్త మాట నేర్చుకోనక్కరలేదు. మన మేస్త్రీలు "వాటం" అన్నదాన్నే ఇక్కడి కొత్తనార్లు, అంటే తాపీ మేస్త్రీలు, "వాట్టం" అంటారు.

తరువాత సుత్తి పిడితో గచ్చు అంతటా తట్టిస్తూ వెళ్లండి. డొల్లగా మోగిన చోటల్లా పగలగొట్టి తీసి మరమ్మతు చేయించాలి. ఎర్ర ఆక్సైడు గచ్చు, రంగు, నూనె మరకలు, పాత పాలిష్ ఉన్నచోట నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి: ఇంకిపోతే మంచిదే, ముత్యాల్లా నిలిచిపోతే టైల్‌ను నేలకు అంటించే గమ్ము కూడా అలాగే పట్టకుండా నిలుస్తుంది. ఆ పొరను గ్రైండరుతో గీకించాలి, లేదా ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టించాలి. యాసిడ్ పోసి కడిగితే చాలునని చెప్పేవారుంటారు; మిగిలిపోయిన యాసిడ్ సిమెంటు పట్టునే తినేస్తుంది కనుక నేను ఒప్పుకోను. గీకిన దుమ్మును చీపురుతో ఊడ్చి ఊరుకోకుండా, వ్యాక్యూమ్ యంత్రంతో లాగించి, చివరికి తడిగుడ్డతో తుడిపించండి.

పగుళ్లన్నీ ఒకటి కావు. వెంట్రుక మందం చీలికకు భయపడనక్కరలేదు. పగులుకు ఒకవైపు ఎత్తుగా, మరొకవైపు పల్లంగా ఉంటే మాత్రం ఇంజనీరుకు చూపించిన తరువాతే మిగతా పని.

చదును విషయంలో పది అడుగుల అల్యూమినియం బద్దను నేల మీద అన్ని దిక్కులకూ తిప్పి చూడాలి. రెండడుగుల టైల్‌కు బద్ద కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనిపించకూడదు. మిట్టలను గీకించి, పల్లాలను ముందే మరమ్మతు మాలుతో నింపించండి. గమ్మును మందంగా వేసి సరిచేస్తామంటారు, కాని మందపు గమ్ము ఆరుతూ కుంచించుకుని టైల్‌ను కిందికి లాగుతుంది. పై అంతస్తులలో పాత నేల మీద మళ్లీ రెండంగుళాల మాలు పోయించే ముందు బరువు లెక్క వేసుకోండి: అది చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు. నేల ఎత్తు పెరిగి తలుపులు కూడా కింద రాసుకుంటాయి.

కాంక్రీటు కొత్తగా పోసినదైతే 28 రోజులు ఆగండి. స్నానాలగదిలో మీటరుకు ఒక సెంటీమీటరు వాటం గచ్చులోనే తెప్పించి, నీరు కారకుండా పూత వేయించి, 24 గంటలు నీళ్లు నిలిపి చూసిన తరువాతే టైల్ ముట్టుకోనివ్వండి.

గమ్ము బస్తా మీద ఐ.ఎస్. 15477 అన్న ప్రమాణ సంఖ్య ఉన్నదో లేదో మీరే చదవండి. 2019లో సవరించిన ఆ ప్రమాణం గమ్ములను రకాలుగా విభజించింది, విట్రిఫైడ్ టైల్‌కు తగిన రకమేదో దుకాణంలో అడిగి తీసుకోండి. గోడల వెంట 6 మిల్లీమీటర్ల సందు విడిపించండి, దాన్ని స్కర్టింగు, అంటే గోడ అడుగున అంటించే పట్టీ, కప్పేస్తుంది. మొదటి రోజు నాలుగైదు టైల్స్ పరిచాక, గమ్ము ఆరకముందే ఒకదాన్ని ఎత్తించి వెనక్కి తిప్పి చూడండి. అడుగున కనీసం 80 శాతం, తడి గదుల్లో 95 శాతం గమ్ము అంటుకుని ఉండాలి. ఎత్తిన ఆ టైల్‌కు పాత గమ్ము గీకించి కొత్తది రాయించాకే తిరిగి పెట్టనివ్వండి.