కొనేవాళ్లు చూసి వెళ్తున్నారు, మళ్లీ రావడం లేదు

ప్రశ్న: మాది రాజమండ్రి. మూడు సెంట్లలో నాన్న 1998లో కట్టించిన డాబా ఇల్లు. ఆయన పోయి రెండేళ్లయింది. అమ్మ ఒక్కతే ఉంటోంది. ఇల్లు అమ్మేసి హైదరాబాద్‌లో నా దగ్గరికి రమ్మంటే ఒప్పుకుంది. ఎనిమిది నెలల్లో తొమ్మిది మంది చూసి వెళ్లారు, ఒక్కరూ తిరిగి రాలేదు. బాత్రూమ్ పక్క గోడ పెచ్చులూడుతోంది. ‘మూడు లక్షలు పెట్టి రంగులేయించు, ఆ చెత్తంతా పారేయించు’ అంటాడు డాలస్‌లో ఉన్న అన్నయ్య. నాన్న వస్తువు కదిపితే చాలు, అమ్మ అన్నం మానేస్తోంది. ఏం చేయను?

జవాబు: అమ్మ ఇల్లు అమ్మడానికి ఒప్పుకున్నారు. నాన్నగారి వస్తువులను చెత్త అనడానికి ఒప్పుకోలేదు. ఆ మాట ఇక వాడొద్దని ముందు మీ అన్నయ్యకు చెప్పండి. వీలునామా లేకపోతే ఆ ఇంట్లో ముగ్గురిదీ సమాన వాటా. అమ్మ సంతకం లేనిదే అమ్మకం లేదు. కాబట్టి ఈ పనికి పెద్ద ఆవిడే.

సర్దడం నాన్నగారి బీరువాతో మొదలుపెట్టకండి. వంటింటి అటకతో మొదలుపెట్టండి. మూతల్లేని డబ్బాలు, పగిలిన బకెట్లు, పాత స్టెబిలైజర్ లాంటివాటిని వదులుకోవడం ఆవిడకు అంత కష్టం కాదు. రోజుకు గంటన్నర చాలు. మీరు దించి తుడిచి ఇవ్వండి, ఉంచాలో తీసేయాలో ఆవిడే చెప్పాలి. బీరువా చివరి వారంలో తెరవండి. ఒక ట్రంకుపెట్టె ఆవిడ ముందుంచి, ‘ఇందులో నువ్వు పెట్టింది ఎవరూ ముట్టుకోరు, హైదరాబాద్‌కు అన్నింటికంటే ముందు ఇదే వెళ్తుంది’ అనండి. కళ్లజోడు, వాచీ, రెండు పంచెలు, ఏవైనా సరే. హాల్లో దండ వేసిన ఫొటో ఉండనివ్వండి. ఫొటో చూసి ఇల్లు వద్దనుకునేవాళ్లు తక్కువ, నెమ్ము గోడ చూసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

ఆ గోడను గోరుతో గీకి చూడండి. తెల్లగా ఉప్పులాంటి పొడి రాలితే లోపల ఇంకా నీళ్లు నడుస్తున్నట్టే. దాని మీద రంగేస్తే కొన్నాళ్లకే పొక్కుతుంది. పైగా ఇల్లంతా పాతగా ఉండి ఆ ఒక్క గోడే మెరుస్తుంటే కొనేవాళ్లకు అనుమానం మొదలవుతుంది. ఒక రాత్రి కుళాయిలన్నీ, ఫ్లష్ ట్యాంకుకు వెళ్లే కుళాయితో సహా కట్టేసి, పై ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారేసరికి మట్టం తగ్గితే పైపు కారుతోంది. తగ్గకపోతే నీళ్లు టైల్స్ సందుల్లోంచో, వాడిన నీళ్లు పోయే జాలీ చుట్టూ ఉన్న పగుళ్లలోంచో దిగుతుండొచ్చు. పైపు అయితే ప్లంబర్ పని. సందులైతే పాత సిమెంటు గీకించి ఎపాక్సీ గ్రౌట్ (నీళ్లు దిగనివ్వకుండా సందుల్లో నింపే ముద్ద) పెట్టించండి. తర్వాత ఉబ్బిన పూత మొత్తం రాల్చేసి, ఫ్యాను తిప్పుతూ కనీసం మూడు వారాలు ఆరనివ్వాలి. తాపీమేస్త్రి తొందరపెడితే వినకండి. గోడ ఆరాకే ప్లాస్టరింగ్, పుట్టీ, ప్రైమర్, ఆపైన రెండు కోట్లు. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు.

ఇల్లంతా రంగులు అక్కర్లేదు. హాలు, ఆ నెమ్ము గోడ ఉన్న గది, గేటు చాలు, లేత రంగులో. మిగతా డబ్బుతో కారే కుళాయిలు, ఊగే స్విచ్ బోర్డులు, నేలకు రాసుకునే తలుపు, చిరిగిన దోమల జాలీ బాగుచేయించి, ట్యాంకు కడిగించండి. వాస్తు పేరుతో గోడలు కొట్టించకండి. కొనేవాళ్లు తమ సిద్ధాంతిని తామే తెచ్చుకుంటారు.

పాత పేపర్లవాణ్ని పిలిచే ముందు బీరువాలోని ప్రతి కవరూ విప్పి చూడండి. లింకు డాక్యుమెంట్లు (స్థలం అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), మున్సిపాలిటీ ప్లాను, పన్ను రసీదులు అందులోనే ఉండొచ్చు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో ఇంటి పన్ను వారసుల పేరుకు మార్పించండి. మూడు సెంట్లంటే దాదాపు 145 గజాలు. టేపుతో కొలిపించి దస్తావేజుతో సరిచూడండి. తేడా ఉంటే కొనేవాళ్లకంటే ముందు మీకే తెలియాలి. అన్నయ్య రాలేకపోతే అక్కడి మన కాన్సులేట్‌లో జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టాలి. విదేశంలో ఉన్నవాళ్ల వాటా మీద టీడీఎస్ (కొనేవాళ్లు డబ్బిచ్చేటప్పుడే పట్టుకుని కట్టే పన్ను) ఎక్కువ. తక్కువ పట్టుకునేలా ఆయన ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ ముందే తెచ్చుకుంటే అడ్వాన్సు రోజు పేచీ ఉండదు.

చూడటానికి వచ్చేవాళ్లను ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య రమ్మనండి. అరగంట ముందే కిటికీలన్నీ తీసి ఉంచండి. ‘ఇది మా ఆయన దగ్గరుండి కట్టించారు’ అని అమ్మ కళ్లు తుడుచుకుంటే వచ్చినవాళ్లు బేరం ఎత్తలేరు, అలమర తలుపు తీసి చూడలేరు. అలాగని ఆవిణ్ని గదిలో కూర్చోమనకండి. పక్కింటికి వెళ్తానంటే వెళ్లనివ్వండి, ఉంటానంటే ఒక పని అప్పగించండి. పెరట్లోకి తీసుకెళ్లి బోరు చూపించి, వచ్చినవాళ్లకు ఆ నీళ్లే గ్లాసుతో ఇవ్వమనండి. నీళ్లెలా ఉంటాయని ఎలాగూ అడుగుతారు, ఇన్నేళ్లు తాగిన మనిషి చెబితే నమ్ముతారు.