దొంగల్ని కొట్టే ఉద్యోగం ఆడపిల్లకెందుకు అన్న తండ్రికి

డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి ఎస్‌ఐ అయి దొంగతనాల కేసులు తేలుస్తానంటోంది, మేమేమో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ చేయమంటున్నాం, ఏది మేలు అని కరీంనగర్ నుంచి ఒక తండ్రి అడిగారు. చివర్లో ఇంకో మాట: "కొట్టి నిజం రాబట్టే పని ఆడపిల్లకెందుకండీ?"

మీ భయమంతా ఆ చివరి మాటలోనే ఉంది సార్, కాబట్టి ముందు దానికే జవాబు. కొట్టడం నేరం. పైగా పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, కోర్టులో సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ చెప్పేది అదే. నిందితుడు "గొలుసు ఫలానా తాకట్టు షాపులో పెట్టాను" అని చెప్పి, పంచుల (సాక్షులుగా పిలిపించిన బయటివాళ్ల) ఎదుట అది అక్కడే దొరికితే, ఆ రికవరీకి దారి చూపిన మాట వరకే చెల్లుతుంది. అంటే కేసు నిలబెట్టేది లాఠీ కాదు, ఓపిక.

తాళం పగిలిన ఇంటికి వెళ్లాక ఎవరూ బీరువా ముట్టుకోకుండా వేలిముద్రల్లాంటి ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్‌ని పిలిపించాలి, పోయిన నగ ఎన్ని తులాలు, బిల్లుందా, పెళ్లి ఫొటోలో కనబడుతుందా అని అడిగి రాసుకోవాలి, చుట్టుపక్కల సీసీ కెమెరాలు గంటలకొద్దీ చూడాలి. ఇంటివాళ్లు పనిమనిషి మీద అనుమానం అనగానే ఆమెను స్టేషన్‌కి ఈడ్చుకురాకూడదు. మహిళని సాక్షిగా విచారించాలంటే ఆమె ఉండేచోటికే వెళ్లాలి, అరవై దాటినవాళ్లకూ అంతే, ఇది బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 179వ సెక్షన్‌లో ఉంది. చెప్పింది రాసుకోవచ్చు గానీ కింద సంతకం చేయించకూడదు. 2024 జులై 1 నుంచి సోదాలు, స్వాధీనాలు వీడియో కూడా తీయాలి. భయంతో వణుకుతున్న ముసలమ్మ దగ్గర కూర్చుని, తొందరపెట్టకుండా, ఆవిడ మాటల్లోనే జరిగింది చెప్పించగలిగే మనిషి కావాలి ఈ పనికి. మీ అమ్మాయిలో ఆ గుణం ఉందో లేదో నాకంటే మీకే తెలుసు.

ఇక ఫోరెన్సిక్. ఈ మధ్య సీరియళ్లు చూసి అందరూ అదే అడుగుతున్నారు, నాకు మాత్రం దాని మీద చాలా అనుమానాలున్నాయి. ల్యాబ్‌లో కూర్చునేవాళ్లు వేలిముద్రలు, రక్తపు మరకలు పరీక్షించి రిపోర్టు ఇస్తారు, సాక్షినీ నిందితుణ్నీ ప్రశ్నించరు. ప్రభుత్వ ల్యాబ్‌ల్లో పోస్టులు తక్కువ, వాటికీ కెమిస్ట్రీ, బయాలజీ పీజీలు పోటీకొస్తారు. లక్షల ఫీజు కట్టేముందు ఆ కాలేజీలో గత రెండు బ్యాచ్‌లవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో అడిగారా? నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుందని పిల్ల మీద రుద్దుతున్నారు, కోపం వచ్చినా ఈ మాట అనక తప్పదు. తను అడిగింది ఒకటి, మీరు ఇస్తానంటున్నది ఇంకొకటి.

ఎస్‌ఐకి ఏ డిగ్రీ అయినా చాలు కాబట్టి ఇప్పుడే దారి మార్చాల్సిన పనిలేదు, టెన్షన్ పడకండి. డిగ్రీ పూర్తిచేయనివ్వండి, పొద్దున్నే పరుగు మొదలుపెట్టమనండి. ఈలోగా మీ ఊళ్లో మహిళా ఎస్‌ఐ ఎవరైనా ఉంటే తండ్రీకూతుళ్లిద్దరూ వెళ్లి ఓ అరగంట మాట్లాడిరండి. మీరు కూడా, సార్.