టీకి పిలిచి భోజనం పెట్టారు

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులోని లీడ్స్‌లో ఎమ్మెస్సీ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఆఫీసులో ఒకాయన సాయంత్రం అయిదున్నరకు టీకి రమ్మంటే, వీడు కడుపునిండా అన్నం తిని వెళ్ళాడట. తీరా చూస్తే భోజనం వడ్డించారు. తినలేడు, వద్దనలేడు. 'నేను వీళ్ళలో కలవలేనమ్మా, యాసన్నా మార్చుకుంటా' అంటున్నాడు. ఏం చెప్పమంటారు?
— ఒక తల్లి, కావలి

జవాబు: మీవాడి తప్పేం లేదమ్మా. ఉత్తర ఇంగ్లండులో చాలా ఇళ్ళలో 'టీ' అంటే సాయంత్రం భోజనమే, మధ్యాహ్నం తినేది 'డిన్నర్'. కాస్త పైతరగతి ఇళ్ళకు వెళ్తే మధ్యాహ్నానిది 'లంచ్', రాత్రి ఇంట్లోవాళ్ళు మామూలుగా తినేది 'సప్పర్', నలుగురిని పిలిచి పెట్టేది 'డిన్నర్'. కనక పిలుపులో పేరు కాదు, టైము చూసుకోవాలి. మూడున్నర, నాలుగంటే కప్పు టీ, కేకు ముక్క. అయిదు దాటితే ఖాళీ కడుపుతో వెళ్ళడమే. అనుమానముంటే 'తినేసి రానా?' అని అడిగేయొచ్చు, ఎవరూ ఏమనుకోరు. 'ఎప్పుడైనా మా ఇంటికి రావాలి' అని తేదీ లేకుండా అంటే మాత్రం అది పిలుపు కాదు, పలకరింపు.

అక్కడ తరగతి డబ్బులో కన్నా ముందు మాటలో దొరికిపోతుంది. 1954లో అలన్ రాస్ అనే భాషాశాస్త్రవేత్త పైతరగతి మాటల్నీ మిగతావాళ్ళ మాటల్నీ విడదీసి చూపించాడు. చేతులు తుడుచుకునే గుడ్డ వాళ్ళకు 'నాప్‌కిన్', వీళ్ళకు 'సర్వియెట్'. మర్యాదని మనం బళ్ళో నేర్చుకున్న 'పార్డన్' ఆ లెక్కలో కిందిమెట్టు! పైవాళ్ళు 'వాట్?' అనేస్తారు. ఉత్తరాది నుంచి లండన్ వెళ్ళిన ఇంగ్లీషువాళ్ళలోనే యాస దగ్గర బెరుకుపడేవాళ్ళున్నారు. అరువు యాసకు అతుకు కనబడుతుంది, దాని జోలికి పోవద్దనండి.

రెండు సవరించుకుంటే చాలు. ద్రాక్షతీగకీ ద్రాక్షసారాకీ మనం ఒకే 'వైన్' అంటాం. తీగకు పై పళ్ళు కింది పెదవికి తగలాలి. సారాకు పళ్ళు తగలకూడదు, ఈల వేసేటప్పటిలా పెదవులు గుండ్రంగా రావాలి. రెండోది ఊనిక. మనం 'హోటల్' అని మొదట్లో నొక్కుతాం, వాళ్ళు 'హొటెల్' అని రెండో ముక్క నొక్కుతారు. అర్థం కాక మళ్ళీ అడిగేది చాలాసార్లు ఈ ఊనిక తప్పడం వల్లే. రోజుకు పది మాటలు ఫోన్లో రికార్డు చేసుకుని వింటే తనకే తెలుస్తుంది.

ఇక పబ్బు. అక్కడ ఎవరి డబ్బు వాళ్ళిచ్చుకోరు. నలుగురెళ్తే ఒక్కో విడత ఒక్కొక్కరు కౌంటరు దగ్గరికెళ్ళి అందరికీ తెస్తారు, దాన్నే రౌండంటారు. మందు ముట్టకపోయినా పర్వాలేదు, ఆరెంజ్ జ్యూస్ తాగేవాడికీ వంతు ఉంటుంది. మూడు రౌండ్లు తాగి తన వంతుకు ముందు లేచిపోతే మాత్రం ఆ పేరు పోదు. త్వరగా వెళ్ళే పనుంటే మొదటి రౌండు తనే కొనేయాలి.

ప్రశ్న: ఇంగ్లండులో నర్సుగా చేస్తున్నా. మేనేజరుని 'సార్' అంటే నవ్వుతారు. పైగా తోటి ఉద్యోగి ఒకామె 'మీ దేశమోళ్ళ మాట' అంటూ రోజూ వెక్కిరిస్తోంది. చట్టం ఉందా?
— ఒంగోలు ఆడపడుచు

జవాబు: 'సార్' అక్కడ బళ్ళో పిల్లలు మాస్టారినీ, కొట్టువాళ్ళు కొనడానికి వచ్చినవాళ్ళనీ అనే మాట. మేనేజరుని పేరుపెట్టి పిలవండి. నోరు రాకపోయినా అదే మర్యాద.

వెక్కిరింపు సంగతి వేరు. 2010 నాటి సమానత్వ చట్టం తొమ్మిది అంశాలకు రక్షణ ఇస్తుంది. సామాజిక తరగతి అందులో లేదు. జాతి ఉంది, రంగూ జాతీయతా పుట్టుకా దాని కిందికే వస్తాయి. 'మీ దేశమోళ్ళ' అన్న మాటే మీకు ఆధారం. అన్నరోజే తేదీ, టైము, అన్న మాట అన్నట్టుగా, విన్నవాళ్ళ పేర్లు రాసిపెట్టుకోండి. 'ఎప్పుడూ వేధిస్తోంది' అని గుండుగుత్తగా రాస్తే ఫిర్యాదు నిలవదు. ముందు మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, యూనియన్‌లో ఉంటే వాళ్ళనీ కలుపుకోండి. తేలకపోతే ఉద్యోగ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్ళేముందు ఏకాస్ అనే సంస్థకు చెప్పుకోవాలి, అక్కడ రాజీ ప్రయత్నం ఉచితం. గడువు నెలల్లోనే ముగుస్తుంది, లోపలి విచారణ తేలేదాకా ఆగి కూర్చోకండి.