వింటర్ ఒలింపిక్స్‌ను టీవీలో చూసేవాళ్లకు ఏం నచ్చడం లేదు?

మా హనుమకొండలో ఈ ఆటలు చూసేవాళ్లు కొద్దిమందే. వాళ్ల దగ్గర నేను ఎక్కువగా విన్న మాట ఒకటే: ఆట కనిపిస్తుంది, అర్థం కాదు.

కర్లింగ్‌నే తీసుకోండి. సుమారు 20 కిలోల రాయిని మంచు మీద జారవిడిచి, దాని ముందు బ్రష్‌లతో రుద్దుతారు. ఎందుకంటే, రుద్దినచోట మంచు పైపొర కాస్త వేడెక్కి రాపిడి తగ్గుతుంది. రాయి ఇంకొంత దూరం, ఇంకొంత తిన్నగా పోతుంది. ఈ ఒక్క ముక్క నేను చెప్పాక మా అమ్మ ఆట చివరిదాకా కూర్చుంది. అందుకే నా లెక్కలో అసలు లోటు తెలుగు వ్యాఖ్యానం లేకపోవడమే.

మనవాళ్లు కనిపించరన్నది ఇంకో ఫిర్యాదు. నిజమే, 2022 బీజింగ్‌కు భారత్ నుంచి వెళ్లింది కశ్మీర్ స్కీయర్ ఆరిఫ్ ఖాన్ ఒక్కరే. జెయింట్ స్లాలమ్‌లో, అంటే మంచు వాలు మీద జెండాల మధ్య మలుపులు తిరుగుతూ స్కీలతో దిగే పోటీలో, 45వ స్థానం. మంచు ఎరుగని ఊళ్లలో పెరిగిన మనకు ఆ దిగుడు ఎంత కష్టమో ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి కదా!

ఆ ఏడాది ఆరంభ, ముగింపు వేడుకలను దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపించలేదు. గల్వాన్ ఘర్షణలో ఉన్న చైనా సైనికాధికారి చేతికి ఒలింపిక్ జ్యోతి ఇవ్వడమే కారణం. అక్కడ అమరుడైన కర్నల్ సంతోష్ బాబుది మన సూర్యాపేట. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టినవాళ్లు ఇక్కడ నాకు తగల్లేదు, నేనూ తప్పుపట్టను.

ఇక వేళలు. 2026 మిలాన్–కోర్టినా పోటీలప్పుడు ఇటలీలో సాయంత్రం 7 అయితే మనకు రాత్రి 11:30. పొద్దున్నే డ్యూటీకి పోయేవాళ్లకు మర్నాటి ముఖ్యాంశాలే దిక్కు.